మూడో పిలుపు

పొద్దున తొమ్మిది కాకుండానే పేరంటాలు రెండు కుదుళ్లు, వరుసలు కలిపి కూర్చిన ఇళ్లు, సర్దేసింది. ఐదో తెప్పలో అత్తాకోడళ్లకు పొసగడం లేదని లెక్కలు చూసే యంత్రం తూనిక చెబితే, అత్త చోటును పక్క కుదురుకు మార్చింది. ఆరో తెప్పలో తల్లి పోయిన కవలపిల్లలకు పదకొండో తెప్ప నుంచి ఒక మేనత్తను ఖాయం చేసింది. ఆ మేనత్త చిన్న సంచి పట్టుకుని రేవులో దిగి, పిల్లలిద్దరి ముందూ మోకాళ్ల మీద కూర్చుంది. కవలల్లో పెద్దది ఆవిడ ముంజేతి కడియాన్ని తనవైపు తిప్పుకుని, దాని మీద మెరుస్తున్న మాటను కూడబలుక్కుని చదివింది.

"అత్త," అని చెల్లెలికి చెప్పింది.

చెల్లెలు తలూపి అత్త కుచ్చెళ్లు పట్టుకుంది. పట్టుకోగానే అత్త కడియంలో ఓదార్పు గడి ఒక మెట్టు పైకి పాకింది. పేరంటాలు పలక మీద బొటనవేలు నొక్కింది. వరుస ఖాయమైపోయింది.

"చక్కగా కుదిరింది," అంది చెవిపూసలో తూనిక. "ఆరో తెప్పలో ఇప్పుడు ఒంటరి మనిషి ఒక్కరూ లేరు."

ఆ మాట నిజమే. తూనిక అబద్ధం ఆడదు. పడవలోకి దిగుతూ పేరంటాలు వెనక్కి తిరిగి చూస్తే, మేనత్త అప్పుడే చిన్నదాని జడ విప్పి దువ్వెన ఎక్కడుందని అడుగుతోంది. మంచి మనిషిలానే ఉంది. సాయంత్రానికల్లా పిల్లలు ఆవిడ పక్కన పడుకుంటారు. ఇరవై ఏళ్లుగా సర్దుబాటు పని చేస్తున్న పేరంటాలుకు ఇలాంటివి చూడగానే తెలుస్తాయి.

పడవ నడిపే నూకరాజు ఏడో తెప్ప వైపు తిప్పాడు. నీళ్ల అడుగున ఎవరి ఊళ్లున్నాయో, ఎవరి చేలున్నాయో ఇప్పుడు పుట్టినవాళ్లకు తెలియదు. పేరంటాలుకు మాత్రం ప్రతి మలుపూ తెలుసు. ఇదిగో ఇక్కడ లాకు, అదిగో అక్కడ లాకు పక్కన సిమెంటు అరుగు, దాని మీద వాళ్ల నాన్న. ఆ చోటు దాటేటప్పుడు ఆమె ఎప్పుడూ నీళ్లలోకి చూడదు, చీర కొంగు సర్దుకుంటుంది.

ముంపు వచ్చి ముప్పై రెండేళ్లు. అప్పటికి ఆమెకు ఇరవై ఆరు. డాబా మీద మూడు రోజులు ఒక్కతే కూర్చుంది. నాలుగో రోజు తూనిక పంపిన పడవ వచ్చింది. వేడి గంజి ఇచ్చారు, ముంజేతికి కడియం తొడిగారు. కడియం మీద "చెల్లి" అని ఉంది. తెప్ప ఎక్కగానే ముక్కూమొహం తెలియని ఒకావిడ "రా చెల్లీ" అని పిలిచి తల తుడిచింది. ఆ రోజు ఆ పిలుపు లేకపోతే పేరంటాలు మళ్లీ నీళ్లలోకే దిగేసేది. దానికి తూనిక మీద ఎంత కృతజ్ఞత ఉందో ఆమెకే తెలుసు. అప్పటి నుంచి నాలుగు కుదుళ్లలో ఉంది. చెల్లి, అక్క, మరదలు, ఇప్పుడు పెద్దమ్మ. ఎక్కడా మాట పడలేదు. ఆమె కడియంలో నాలుగు గడులూ, వడ్డన, పెంపకం, ఓదార్పు, కావలి, ఎప్పుడూ నిండుగానే ఉంటాయి.

"రెండువందల పన్నెండో కుదురు," అంది తూనిక. "బుల్లెబ్బాయిగారు, డెబ్బయ్యారేళ్లు, తాత చోటు. వడ్డన సున్నా. పెంపకం సున్నా. ఓదార్పు సున్నా. చూపు మందగించినందువల్ల ఏప్రిల్ నుంచి కావలి కూడా సున్నా. సాయంత్రం నాలుగింటి పడవలో విశ్రాంతి తెప్పకు తరలించాలి. మీ ముద్ర కావాలి."

"కుదురు బిగువెంత?"

"తొంభై ఒకటి. ఏడో తెప్ప మొత్తంలో అదే ఎక్కువ. ఆయన్ని తీస్తే తొంభై ఎనిమిది అవుతుందని అంచనా."

విశ్రాంతి తెప్ప చెడ్డ చోటేమీ కాదు. ఉతికిన దుప్పట్లు, వేళకు అన్నం, వేళకు మందు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు. పేరంటాలు తన చేత్తోనే నలభై మందిని అక్కడికి పంపింది, వీలైనప్పుడు వెళ్లి చూసింది కూడా. అందరూ బాగానే ఉన్నామన్నారు.

రెండువందల పన్నెండు గుమ్మంలో అడుగుపెట్టేసరికి వంటగదిలోంచి ఆనపకాయ కూర వాసన వచ్చింది. ఇంటికి కోడలి చోటున్న గవరమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, మాట గట్టిది.

"రండి అమ్మగారూ, కూర్చోండి. కొంచెం గోలగా ఉంది ఇల్లు, ఏమనుకోకండి. ముసలాయన అలిగేరు."

"ఎందుకు?"

"ఈ ఆనపకాయ గురించేనండి బాబూ! కళ్లు కనపడవు కదా, రోజూ పొద్దున్నే పాదు దగ్గరికెళ్లి తడుముతారు. ఇంకా రెండ్రోజులుండాలి, ఇంకా ఒక్కరోజుండాలి అంటారు. నేను ఇవాళ కోసేసేను. నన్నొక్కమాట అడగాలా వద్దా అని వెళ్లి వెనకాల కూర్చున్నారు. అడిగితే మాత్రం కొయ్యనిచ్చేవారా? ముదిరి విత్తనం కట్టేదాకా తడిమేవారు!"

పేరంటాలు వెనకవైపు తొంగి చూసింది. తెప్ప అంచున, నీళ్లకు ముఖం పెట్టి, బల్ల మీద ఒక బక్కపలచని మనిషి కూర్చున్నాడు. తుండుగుడ్డ భుజాన వేసుకుని, వీపు నిటారుగా పెట్టి. ఆ వీపును చూడగానే ఆమెకు ఎక్కడో కలుక్కుమంది. అలిగిన వీపు వేరేగా ఉంటుంది. దానికి చెవులుంటాయి.

"తరచూ ఇంతేనా?"

"దాదాపు వారానికి రెండుసార్లు. మొన్న మా పిల్ల మాణిక్యం బడి నుంచి రాగానే ముందు నా దగ్గరికి వచ్చిందని అలిగేరు. అంతకుముందు మజ్జిగలో ఉప్పు. మా ఆయన వెళ్లి ఒకసారి పిలుత్తాడు. లేవరు. నేను వెళ్లి నాలుగు తిట్టి పిలుత్తాను. లేవరు. ఇంక పిల్ల వెళ్లి మూడోసారి పిలిత్తే అప్పుడు లేచి, ఏదో మా మీద దయ తలిచినట్టు వచ్చి తింటారు. మొదట్లో మీ వాళ్లు ఏం చేసేరో తెలుసా? అన్నం తినట్లేదని కడుపునొప్పి మందు పంపేరు! ఆ సీసా చూసి రెండోసారి అలిగేరు." గవరమ్మ నవ్వింది.

పేరంటాలుకు నవ్వు రాలేదు. పలక తీసి చూసింది. పిలవడానికి వెళ్లిన ప్రతిసారీ గవరమ్మ భర్త అబ్బులు కడియంలో, గవరమ్మ కడియంలో, పిల్ల కడియంలో ఓదార్పు గడి పైకి ఎగబాకింది. ముసలాయన కడియంలో ఏమీ లేదు. ఇచ్చినవాళ్లకే లెక్క, పుచ్చుకున్నవాళ్లకు లెక్క లేదు. తొంభై ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అర్థమైంది. తూనికకు అర్థం కాలేదు.

ఇక చెప్పక తప్పదు. చెప్పింది. నాలుగింటి పడవ, విశ్రాంతి తెప్ప.

గవరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవర్నండీ? మామయ్యగారినా?"

"అవును."

"ఇప్పుడా?" గవరమ్మ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "అలిగున్నారు కదండీ!"

"ఉత్తర్వు వచ్చిందమ్మా."

"వత్తే వచ్చిందండి. అలిగిన మనిషిని అలా గుమ్మం దాటించేత్తారా ఎవరైనా? మీ ఇంట్లో చేత్తారా? ముందు అలక తీరాలి, తినాలి, చెయ్యి కడుక్కోవాలి. ఆ తరువాత కదా పంపడమా, ఉంచడమా అన్న మాట!" గవరమ్మ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి మీద మూత చప్పుడు రెండుసార్లు వినపడింది, అవసరం లేకుండానే.

పేరంటాలు గుమ్మంలోనే నిలబడిపోయింది. ముప్పై రెండేళ్ల కిందటి పొద్దు ఆమె కళ్ల ముందుకు వచ్చింది. నాన్న అలిగాడు. దేనికంటే, పెసరట్టు తనకు కాకుండా ముందు ఇంటికొచ్చిన కల్లు గీసే అతనికి పెట్టారని. వెళ్లి లాకు పక్క అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ ఒకసారి కేకేసింది. రెండోసారి పేరంటాలే వెళ్లి పిలిచింది. మూడోసారి పిలవడానికి అమ్మ గుమ్మం దిగుతుంటే, "ఆకలేస్తే ఆయనే వస్తాడు లేమ్మా, నువ్వు కూర్చో" అంది. అన్నది తనే. వేరెవరూ కాదు. పన్నెండింటికి నీళ్లొచ్చి నాన్ననూ, అమ్మనూ పట్టుకుపోయాయి.

ఆ మాట ఆమె ఏ కుదురులోనూ ఎవరికీ చెప్పలేదు.

"పేరంటాలుగారూ," అంది తూనిక, "ముద్ర వేయలేదు."

"ఆరో తెప్పలో సీతారత్నం గుర్తుందా నీకు?"

"ఆ పేరుతో నమోదు లేదు. ఏడేళ్లకు ముందువి తీసివేస్తాం."

"నాకుంది. పంతొమ్మిదేళ్లయింది. కుంటి మనిషి. మంచం దిగేది కాదు. పొద్దస్తమానం ఆ చెంబు అందుకో, ఈ కిటికీ తెరువు, నా కళ్లజోడేదీ అని పిల్లల్ని తిప్పేది. నాలుగు గడులూ సున్నా. తీసేశాం. మంచి పని చేశాం అనుకున్నాం. నాలుగు నెలల్లో ఆ కుదురు ముక్కలైపోయింది. ఎందుకో తెలీలేదు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఆ ఇంట్లో ఒకరి కోసం ఒకరు లేచి వెళ్లడం మానేశారు, అంతే. లేపే మనిషి లేదు."

"ఒక్క ఉదాహరణతో నియమం మార్చలేను," అంది తూనిక, మర్యాదగానే. "ముద్ర వేయకపోతే కారణం ఎంచుకోండి."

పలక మీద ఆరు కారణాలు వచ్చాయి. ఒంట్లో బాగోలేదన్నది మొదటిది, గాలివాన అన్నది చివరిది. పేరంటాలు వాటిని చదివి పలక మూసేసింది. చెప్పులు గుమ్మంలో విడిచి, ఇంటి మధ్య నుంచి నడిచి, వెనక్కి వెళ్లి, ముసలాయన పక్కన బల్ల మీద కూర్చుంది. నీళ్లకు ముఖం పెట్టి.

"ఇవేవీ కావు," అంది. "నేను అలిగాను."

చెవిపూసలో సన్నటి మోత ఆగింది. తూనిక ఆలోచించేటప్పుడు అలా ఆగుతుంది. "ఎవరి మీద?"

"నీ మీదే."

"నేను ఏ కుదురులోనూ లేను. నాకు ఎవరితోనూ వరుస లేదు."

"డాబా మీద ఉన్నదాన్ని దింపి గంజి పోసింది ఎవరు? నాకు చెల్లి అన్న మాట తొడిగింది ఎవరు? పరాయివాళ్ల మీద కోప్పడతాం. అలగం. అలిగితే పట్టించుకునేవాళ్లు ఉండాలి కదా. ఇన్నేళ్లలో నాలుగు కుదుళ్లలో ఒక్కసారి అలగలేదు నేను. ఎందుకనుకున్నావ్? అలిగాక ఎవరూ పిలవకపోతే? ఆ భయంతోనే గడులన్నీ నింపుకుంటూ కూర్చున్నాను. ఇవాళ నీ మీద అలిగాను. ఇక మాట్లాడను."

మాట్లాడలేదు.

కొంచెంసేపటికి బుల్లెబ్బాయి, తల తిప్పకుండానే, "ఎవరూ?" అన్నాడు.

"సర్దుబాటు నుంచి వచ్చానండీ. పేరంటాలంటారు."

"నన్ను పంపటాకి వచ్చిన మనిషివి. ఇన్నాను." చెవులు బాగానే పనిచేస్తున్నాయి. "మరి నువ్వెందుకు కూర్చున్నావు ఇక్కడ?"

"అలిగానండీ."

ఆయన ఆ మాటను కాసేపు నమిలాడు. "కొత్తా?"

"కొత్తే."

"అలా ముందుకి వంగి కూర్చోకు. ఆకలేసినట్టు కనపడద్ది. వీపు నిలబెట్టు. మొదటి పిలుపుకి లేవకూడదు, పరువు పోద్ది. రెండోదానికీ లేవకూడదు, కానీ కొంచెం కదలాలి. లేకపోతే వాళ్లకి ఆశ పోద్ది. మూడోదానికి లేవాలి. నాలుగో పిలుపు దాకా బిగుసుకుంటే అది అలక కాదు, పొగరు."

పేరంటాలు వీపు నిలబెట్టింది.

ఒంటిగంటకు అబ్బులు నాచుమడిలో పని ముగించుకుని వచ్చాడు. భార్య దగ్గర సంగతంతా విని, వెనక్కి వచ్చి, ఇద్దరి వీపులూ చూసి తల గోక్కున్నాడు. "ఒకరికే అనుకుంటే ఇద్దరయ్యేరేంటి," అని గొణుక్కుని లోపలికి పోయాడు. తరువాత గవరమ్మ వచ్చింది.

"మామయ్యా, కూర చల్లారిపోతంది. కోసినందుకు తప్పయిపోయింది, ఇంక ఈ తెప్ప మీద ఆకు తెంపాలన్నా మిమ్మల్నే అడుగుతాను, సరేనా?" ముసలాయన కదలలేదు. గవరమ్మ పేరంటాలు వైపు తిరిగింది. ఏమని పిలవాలో ఆమెకు ఒక్క క్షణం తోచలేదు. అమ్మగారూ అన్నది అక్కడ పొసగలేదు. బల్ల మీద కూర్చున్న మనిషిని అమ్మగారూ అని బతిమాలడం ఎలా? "లేవండి వదినా," అంది చివరికి. "మీకూ కలిపే వండేను."

వదిన. ఏ కడియం మీదా ఆ మాట మెరవలేదు. పేరంటాలు కడియంలో ఇంకా "పెద్దమ్మ" అనే ఉంది, అదీ వేరే కుదురుకు. తూనిక ఏదో అనబోయి ఊరుకున్నట్టు చెవిపూస చిన్నగా గరగరమంది. పేరంటాలుకు లేవాలనే అనిపించింది. మొదటి పిలుపు కదా అని కూర్చుంది. నిజం చెప్పాలంటే, ఇంకోసారి పిలిపించుకోవాలని ఉంది. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఇదేం కోరిక అని సిగ్గేసింది, ఆ సిగ్గు కూడా బాగానే ఉంది.

మూడింటికి మాణిక్యం బడి పడవ దిగి, వంటగదిలో కాసేపు ఉండి వెనక్కి వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. తాత పక్కన కొత్తావిడను చూసి, ముందుగా తాత చెవిలో ఏదో చెప్పింది, ఆయన బిగించిన పెదవి కొంచెం వదులైంది. తరువాత పేరంటాలు ముందుకు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అత్తా, నువ్వు కూడానా? మా తాత ఒక్కడే మాకు చాలు. లే. నాకు ఆకలేస్తంది, మీరు లేవకపోతే మా అమ్మ నాకూ పెట్టదు."

అబద్ధం. మూతి మీద కూర అంటుకునే ఉంది. పేరంటాలు కొంచెం కదిలింది.

నాలుగింటికి నూకరాజు పడవ తెచ్చి రేవులో ఆపాడు. ముద్ర లేకుండా పడవ తాళం ఊడదు. అతను వచ్చి విషయం విని, అరుగు మీద చతికిలబడ్డాడు. "అయితే నేను కూడా అలగొచ్చా అండీ? మూడేళ్ల నుంచి ఈ పడవకి కొత్త తెడ్డు అడుగుతున్నాను." గవరమ్మ అతనికి కంచం పెట్టేసింది. అతను అలక సంగతి మరిచిపోయాడు.

చెవిపూసలో తూనిక నెమ్మదిగా మాట్లాడింది. "పేరంటాలుగారూ. మీ ముద్ర కోసం తొమ్మిది తెప్పల్లో ముప్పైనాలుగు సర్దుబాట్లు ఆగి ఉన్నాయి."

పేరంటాలు లాకు ఉన్న వైపు చూస్తోంది. ఇవాళ కొంగు సర్దుకోలేదు. నేరుగా చూస్తోంది.

"వేరే సర్దుబాటుదారును పంపవచ్చు. పంపితే మీరు ఇక్కడే కూర్చుని ఉంటారు. ఆ స్థితికి నా దగ్గర పేరు లేదు." ఆగింది. "ఈ కుదురులో రెండేళ్లలో నూట తొంభై సార్లు ఇలాంటి స్థితి వచ్చింది. నూట తొంభై సార్లూ ముగిసింది. మందుతో ఒక్కసారి కూడా ముగియలేదు. ఎలా ముగిసిందో ఇప్పుడు వింటున్నాను."

వింటోంది కాబోలు. చాలాసేపు మోత లేదు. నీళ్లు తెప్ప కింద గుడగుడమన్నాయి. బుల్లెబ్బాయి తుండుగుడ్డ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. రేవులో పడవ తాళం టక్కుమంది. నూకరాజు ఎంగిలి చేత్తో పరుగెత్తేలోపే, ఎవరూ ఎక్కకుండానే, పడవ దానంతట అదే వెనక్కి తిరిగి పోసాగింది.

"ఆగవే! నేనెలా పోవాలి!" అని అతను రేవులోంచి అరిచాడు.

"పడవను వెనక్కి పంపాను," అంది తూనిక. దాని గొంతు అదే గొంతు, కానీ మాటలు తడుముకుంటోంది, కొత్త పిల్ల పెద్దింట్లో వడ్డించడానికి నిలబడినట్టు. "మిమ్మల్ని ఒక మాట అడగవలసింది. అడగలేదు. ఆనపకాయ కూరట. రెండుసార్లు వేడి చేశారట. ఇంకోసారి వేడి చేస్తే బాగుండదట." మళ్లీ ఆగింది. "లేవండి... పిన్నీ."

పేరంటాలు చెవిపూసను వేలితో తడిమింది. ఆ మాట తూనిక ఎక్కడి నుంచి తెచ్చుకుంది? ఏ పట్టికలోంచీ కాదు. తనే కలుపుకుంది.

మోకాళ్లు పట్టేశాయి. బల్ల మీద చెయ్యి ఆనించి లేచింది. లేచి, కళ్లు తుడుచుకుని, ముసలాయనకు చెయ్యి అందించింది.

"రండి. మూడో పిలుపు అయ్యింది."

"నీకు అయ్యింది." బుల్లెబ్బాయి ఆమె చెయ్యి తడిమి పట్టుకుని లేచాడు. "నాకు పిల్ల చెవిలో చెప్పినప్పుడే అయిపోయింది. ఆ పిల్ల ఒక్కసారి పిలిత్తే మూడుసార్లు పిలిచినట్టే. ఎప్పుడో తినేసి పడుకునేవాణ్ణి."

"మరి లేవలేదేం?"

"కొత్తదానివి, ఒక్కదానివే కూర్చుంటే బాగోదని ఉన్నాను."

లోపల గవరమ్మ మూడోసారి పొయ్యి వెలిగిస్తోంది. మాణిక్యం రెండు పీటలు పక్కపక్కన వాల్చింది. ముసలాయన పీట మీద కూర్చుని, కంచంలోకి చెయ్యి పెట్టి, ఒక ముక్క నొక్కి చూశాడు.

"ఇంకో రోజు ఉండాల్సింది," అన్నాడు.

ఆయన ముంజేతి కడియంలో ఓదార్పు గడి ఇంకా సున్నా దగ్గరే ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు.